పండు పేరున వచ్చే ఫోను

“వాళ్ళు వాణ్ణి తీసుకుపోవడానికే వస్తున్నారండీ. నా మనసు కీడు శంకిస్తోంది.”

“ఎవరూ ఎవర్నీ తీసుకుపోరు. సూదిలో దారం తెగింది, చూసుకో.”

“తెగితే తెగనివ్వండి. కొంప మునుగుతుంటే దారం గొడవేంటి మీకు! ఫోన్లో మాట్లాడే ఆఫీసు వాళ్ళు ఇంటికెందుకొస్తారు చెప్పండి? ఊరికే వస్తారా?”

“చూసిపోవడానికి.”

“చూసిపోవడానికనే వస్తారు. వెనకవీధి పోస్టుమాస్టరుగారి అల్లుణ్ణి కూడా చూసిపోవడానికనే వచ్చారు. వచ్చారు, చూశారు, బండెక్కించుకుపోయారు.”

“అతనికి పచ్చకామెర్లు.”

“ఏదైతేనేం, ఎక్కించుకుపోయారా లేదా?”

ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు చొక్కాలు. ఆవిడ మిషను ముందు కూర్చుందన్న మాటే గానీ కాలు తొక్కడం ఎప్పుడో ఆపేసింది. ఆయన గడప దగ్గర చెప్పుల కోసం వంగాడు. లోపలిగదిలో ఉన్నది వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. సైన్యంలో కాలికి దెబ్బ తగిలి ఇంటికొచ్చిన నాటినుంచీ ఆ గదే లోకంగా బతుకుతున్నాడు.

“ఆ చెప్పులెందుకు?”

“షాపుకి.”

“ఇవాళ షాపూ లేదు గీపూ లేదు. మీరు లేకపోతే రంగుల డబ్బాలు వాటంతటవే తెరుచుకుని ఒలికిపోవులెండి. తెచ్చిపెట్టినవాళ్ళు మీరు, జారుకుందామనుకుంటున్నారా?”

“నేనేం తెచ్చిపెట్టాను?”

“మరి! నేనేం చెప్పమన్నాను మీకు? పండు కోసం ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, వాడు ముట్టుకోడు, మీ తండ్రీకొడుకుల గొంతు ఒకటే, అందుకని పండులాగా మాట్లాడండి అన్నాను. మూడంటే మూడు ముక్కలు. బాగున్నానండి. తింటున్నానండి. నిద్రపడుతోందండి. అంతేనా?”

“అంతే.”

“అంతే చెప్పారా?”

“ఆఁ.”

“అంతే చెప్పడానికి ప్రతి మంగళవారం డాబా ఎక్కి పొద్దుగూకేదాకా ఏం చేస్తారు?”

“కింద సిగ్నలుండదు.”

“మా అక్కతో నేనిక్కడ కూర్చునే మాట్లాడతాను. నాకెలా వస్తుందో సిగ్నలు!”

“నీ గొంతుకి సిగ్నలు అక్కర్లేదు.”

“వేళాకోళం! నాకు ఇక్కడ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు, మీకు వేళాకోళం. ఎక్కడో నోరు జారి ఉంటారు. మావాడు ఎవరితోనూ మాట్లాడడనో, రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటాడనో అనేసి ఉంటారు. అందుకే వస్తోంది ఆ అమ్మాయి.”

“వాడి గురించి నేనేమీ అనలేదు.”

“నిజంగా?”

“వాడి గురించి ఒక్క ముక్క అనలేదు.”

“నా నెత్తిన చెయ్యేసి చెప్పండి.”

“ఇదిగో వేశాను. వాడి గురించి ఒక్క ముక్క అనలేదు. చాలా?”

“చేతికి రంగుంది, నా జుట్టంతా... సరే, సరే. వినండి. ఇవాళ మీరు నోరు విప్పకండి. ఇన్నాళ్ళూ విన్న గొంతు, ఆ అమ్మాయి ఇట్టే పట్టేస్తుంది. గొంతు పట్టేసిందని నేను చెప్తాను.”

“సరే.”

“సరే అని కూడా అనకండి. తలూపండి.”

“...”

“ఆఁ, అలా. ఎప్పుడూ చేసేదేగా, ఇవాళేం కొత్త కాదు మీకు.”

ఆయన్ని కుర్చీలో కుదేసి, ఆవిడ లోపలిగది తలుపు దగ్గరకెళ్ళింది.

“పండూ. తలుపు తియ్యి నాన్నా.”

“తీసే ఉందమ్మా.”

“చొక్కా మార్చుకున్నావా? ఆ నీలంది వేసుకోరా, అందులో మొహం కాస్త కళగా ఉంటుంది. గడ్డం? అయ్యో, గడ్డం గీసుకోలేదా! గడ్డం చూస్తే ఏమనుకుంటారు?”

“గడ్డం ఉందనుకుంటారు.”

“మీ నాన్న పోలికే, పుల్లవిరుపు మాటలు. విను. ఆవిడ నిన్ను అడుగుతుంది. ప్రతివారం నాతో మాట్లాడేది నువ్వేనా అంటుంది. నేనేనండి అను. చాలు. ఇంకేమీ అనకు.”

“...”

“అంటావా?”

“...”

“ఒక్క మాటరా. నేనేనండి. అది అంటే నోటి ముత్యాలు రాలిపోవు.”

“వాళ్ళు తీసుకెళ్తే వెళ్తాలే అమ్మా. ఆసుపత్రేగా.”

“అవేం మాటలురా! పోయినసారి నువ్వు ఆసుపత్రిలో ఉంటే నేను ఎన్ని రాత్రిళ్ళు... వద్దులే. మళ్ళీ నా వల్ల కాదు. అయినా ఆ ఫోనేదో నువ్వే తీసుకుని ఉంటే మనకీ తిప్పలుండేవా? చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టాను. బతిమాలాను. ఎందుకురా తీసుకోలేదు? ఆ అమ్మాయి కొరుకుతుందా?”

“తలుపు కొడుతున్నారు చూడు.”

“అమ్మో! వచ్చేసింది.”

“ఇల్లిదేనాండీ? మాజీ సైనికుల సంక్షేమం ఆఫీసు నుంచి వచ్చాను.”

“ఇదే, ఇదే, రా తల్లీ. గడప ఎత్తు, చూసుకో. ఆ గుడ్డముక్కలు తొక్కకు, గుండుసూదులుంటాయి. అక్కడ కాదమ్మా, ఆ కుర్చీ కాలు ఊగుతుంది. ఇదిగో ఇక్కడ. ఫోన్లో మాట్లాడేది నువ్వేనా? పసిపిల్లవి! నేనింకా పోలీసాయన్ని వెంటేసుకుని వస్తారనుకున్నా.”

“పోలీసెందుకండీ?”

“ఏమో తల్లీ, ఆఫీసు అంటేనే నాకు గుండెదడ. ఒక్కదానివే వచ్చావా? బయట బండి గానీ ఏమైనా...”

“బస్సులో వచ్చానమ్మా.”

“బస్సులోనా! హమ్మయ్య. అంటే... ఎండనపడి వచ్చావే అని.”

“ఈయన...”

“వాళ్ళ నాన్న. గొంతు పట్టేసింది. చల్లటి నీళ్ళు తాగొద్దంటే వినరు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు.”

“అయ్యో. నమస్కారమండీ.”

“తలూపారు చూడు. అంతే ఆయన.”

“గోడ మీద షీల్డులు చాలా ఉన్నాయే. ఈయన కూడా సైన్యంలో చేశారా?”

“చేశారమ్మా. ఈయన కాలం వేరులే. అప్పట్లో ఫోను చేసి ఎలా ఉన్నావని అడిగేవాళ్ళెవరు! పెట్టె చేతికిచ్చి రైలెక్కించారు, అంతే. ఆ షీల్డులంటావా, అవి ఊళ్ళో సన్మానం పెట్టినప్పుడల్లా ఇచ్చినవి. అన్నీ నేనే తెచ్చా.”

“మీరా?”

“ఆయన వస్తే కదా! సరిగ్గా ఆ రోజే ఒంట్లో బాగుండదు. పదిమందీ పిలిచి మర్యాద చేస్తామంటే దుప్పటి ముసుగేసి పడుకుంటారు. గవర్నమెంటు వాళ్ళు ఏమనుకుంటారోనని నేనే స్టేజీ ఎక్కి దండం పెట్టి పుచ్చుకుంటా. పేపర్లో ఫొటో నాది, కింద పేరు ఆయనది. మా వీధి వాళ్ళు నన్నే మిలిటరీ ఆవిడంటారు.”

“ఆ టేపు...”

“కొలతల టేపమ్మా. చేతికందుతుందని షీల్డుకి తగిలించా. తప్పా? ఇప్పుడే తీసేస్తా.”

“ఉండనివ్వండమ్మా. మీ అబ్బాయిని చూద్దామని వచ్చాను.”

“బాగున్నాడు. తింటున్నాడు. నిద్రపడుతోంది.”

“అది మీరంటున్నారు.”

“వాడన్నా అదే అంటాడుగా.”

“ఆయన నాతో అలా అనలేదమ్మా.”

“...ఏమన్నాడు?”

“అది మీకు చెప్పకూడదు. ఫోన్లో విన్నది ఎవరికీ చెప్పకూడదని మా పద్ధతి.”

“ఎవరికీ ఏంటి, నేను తల్లిని!”

“తల్లికైనా.”

“అయితే ఫోన్లోనే ఉండొచ్చుగా! ఇంటిదాకా ఎందుకు రావడం?”

“కొన్ని మాటలు వింటే ఫోను పెట్టేసి ఊరుకోకూడదు. అదీ మా పద్ధతే. ఆ మనిషి ఎదురుగా కూర్చుని కళ్ళారా చూడాలి.”

“ఎలాంటి మాటలు? తల్లీ, నీకు దండం పెడతా. చావు మాటా?”

“...”

“నువ్వు మాట్లాడట్లేదంటే అదే. అదే! ఏమండీ, ఏమన్నారండీ మీరు? అంటే... ఏమన్నాడండీ వాడు?”

“అమ్మా, మీరు కంగారు పడకండి. పట్టుకెళ్ళడానికి రాలేదు నేను. ఒక్కసారి ఆయన్ని పిలవండి.”

“వాడు పడుకున్నాడు.”

“మెలకువగానే ఉన్నానమ్మా.”

“వచ్చేశాడు! మెల్లగా రా. కర్ర ఏదిరా? ఆ గుడ్డల మీద అడుగెయ్యకు.”

“చూస్తూనే ఉన్నాను. నమస్తే మేడమ్.”

“నమస్తే. ఏదీ, ఇంకోసారి అనండి?”

“నమస్తే అన్నాను.”

“మంగళవారం మంగళవారం నాతో మాట్లాడేది మీరేనా?”

“వాడే తల్లీ! వాడు కాకపోతే ఇంకెవరు?”

“ఆయన్ని చెప్పనివ్వండమ్మా.”

“చెప్తాడు. చెప్పరా. నేనేనండి అను.”

“...”

“వాడికి మొహమాటం ఎక్కువ. చిన్నప్పుడు పేరడిగినా నా కొంగు చాటుకి వెళ్ళేవాడు.”

“ఒక చిన్న మాట అడుగుతాను. ముందు మూతి పొడుగ్గా ఉండే లారీ, గేరు మార్చాలంటే రెండు చేతులూ వాడాల్సి వచ్చేదని నాతో అన్నది మీరేనా?”

“లారీ ఏంటమ్మా! మావాడు చేసింది వైర్‌లెస్సులో. లారీ కాదు, స్కూటరు కూడా సరిగ్గా రాదు వాడికి.”

“అందుకే అడుగుతున్నా. అలాంటి లారీలు మీవాడు పుట్టేనాటికే సైన్యంలోంచి తీసేశారట. మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పారు.”

“ఎక్కడో చదివి ఉంటాడు. వాడికి చదివే అలవాటుంది. ఏరా, చదివావు కదా? చెప్పరా, చదివానని చెప్పు. నేనే మాట్లాడానని చెప్పు. చెప్తే ఈ అమ్మాయి తన దారిన వెళ్ళిపోతుంది, మన బతుకు మనం బతుకుతాం. నోరు పడిపోయిందేంట్రా నీకు? ఇన్ని నెలలు గోడకేసి చూస్తుంటే ఓర్చుకున్నా. ఒక్క మాట అడుగుతున్నాను, ఒక్క మాట, నా మీద ఒట్టు...”

“వాణ్ణొదిలెయ్యవే.”

“మీరు మాట్లాడకండి! మీకు గొంతు...”

“వదిలెయ్యి. ఆ అమ్మాయి అడుగుతోంది వాణ్ణి కాదు.”

“ఈ గొంతే.”

“తల్లీ, అది...”

“ఈ గొంతేనమ్మా. మంగళవారం నాతో మాట్లాడేది మీరేనాండీ?”

“ఆఁ.”

“మొదటినుంచీ మీరే?”

“మొదటినుంచీ.”

“ఆయన తప్పు కాదు తల్లీ, నాది! నేనే మాట్లాడమన్నా. వీడు ఫోను తీసుకోవట్లేదంటే మీరు వీడి పేరు పక్కన ఏ పిచ్చో అని రాసేస్తారని, బండేసుకుని వస్తారని, నేనే ఆయన్ని ముందుకి తోశా. రాసుకుంటే నా పేరు రాసుకో. పట్టుకుపోతే నన్ను పట్టుకుపో. కానీ ఆయన వీడి గురించి చెడ్డగా ఏమీ అనలేదట. నా నెత్తిన చెయ్యేసి చెప్పారు. ఇదిగో రంగు.”

“ఈయన చెప్పింది నిజమే. అబ్బాయి గురించి నాతో ఏమీ అనలేదు.”

“మరింకేం!”

“అన్నీ తన గురించే చెప్పుకున్నారు.”

మిషను మీది చొక్కా జారి కింద పడింది. ఆవిడ వంగి తియ్యలేదు. పెళ్ళైన నాటినుంచీ ఎదురుగా కూర్చుంటున్న మనిషిని ఇంటికొచ్చిన చుట్టంలా చూసింది.

“ఏం చెప్పుకున్నారండీ మీరు?”

“ఏం లేదులే.”

“ఏం లేకపోతే ఈ పిల్ల బస్సెక్కి ఎందుకొస్తుంది? చెప్పండి.”

“మొదటిరోజు నువ్వు చెప్పమన్నవే చెప్పాను. బాగున్నా, తింటున్నా, నిద్రపడుతోంది.”

“ఆఁ.”

“నిజంగా నిద్రపడుతోందా అంది ఆ అమ్మాయి.”

“అంటే?”

“అంతే. ఎవరూ అలా రెండోసారి అడగలేదు నన్ను.”

“నేనడగలేదా! రోజూ పొద్దున్నే అడుగుతాను. నిద్ర పట్టిందా అండీ అని.”

“అడుగుతావు. జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు.”

“...నేనా?”

“పట్టే ఉంటుందిలే, గురక వినపడింది అంటావు.”

“వినపడేదిగా మరి!”

“అది నేను కావాలని పెట్టే దొంగ గురకే. అది వింటే గానీ నువ్వు నిద్రపోవు. నువ్వు పడుకున్నాక లేచి కూర్చునేవాణ్ణి.”

“పక్కనే ఉండి... పక్కనే పడుకుని నాకు తెలియలేదంటే నన్నేమనాలి? పెళ్ళాన్నా, దిండునా?”

“నీ తప్పేముంది అందులో.”

“నా తప్పు లేదంటారేంటి! ఆ లారీ ఏంటి? నాకు చెప్పండి.”

“వద్దు.”

“ఈ అమ్మాయికి చెప్పిన మాట నాకు చెప్పకూడదా?”

“ఫోన్లో మొహం కనపడదు.”

“అయితే నేను అటు తిరుగుతా. ఇదిగో, కిటికీ వైపు తిరిగా. చెప్పండి.”

“అమ్మా, ఆయన్ని బలవంతం చెయ్యకండి. ఇష్టమైతేనే...”

“చెప్తానమ్మా. విననీ. ఎటూ సగం తెలిసిపోయింది. లారీ వెనక దెబ్బలు తగిలినవాళ్ళని వేశారే. ఆసుపత్రి గుడారం దాకా చేర్చాలి. దారిలో ఎక్కడా ఆపొద్దన్నారు, ఆపితే పైనుంచి కొడతారు, ఒక్కరు కూడా మిగలరు అన్నారు. ఒకడు మంచినీళ్ళడిగాడు. నా వెనక చిన్న అద్దం ఉంటుంది, దాని మీద చేత్తో కొట్టి అడిగాడు. నీళ్ళక్యాను నా పక్క సీట్లోనే ఉంది.”

“ఆపలేదా?”

“ఆపలేదు. ఇంకాస్త దూరమేరా, ఇంకాస్తే అని అరుస్తూనే ఉన్నా. ఇంజను మోతలో వాడికేం వినపడుతుంది! కొడుతూనే ఉన్నాడు. తర్వాత కొట్టడం మానేశాడు.”

“...”

“అందర్నీ క్షేమంగా చేర్చానని మెచ్చుకున్నారు. ఆ మొదటి షీల్డు దానికే.”

“అందర్నీ చేర్చారుగా మరి.”

“ఒకణ్ణి తప్ప.”

“అందుకేనా సన్మానానికి...”

“చప్పట్లు కొడతారు కదే. నాకది అద్దం మీద కొట్టినట్టుంటుంది.”

“అయ్యో... అయ్యో, స్టేజీ ఎక్కేముందు మీ పేరు చదవగానే నేను ముందు వరసలో నిలబడి, అందరికంటే గట్టిగా కొట్టేదాన్నండీ. కొట్టి కొట్టి చేతులు ఎర్రబడితే ఇంటికొచ్చి మీకే చూపించేదాన్ని. చూడండి మీకోసం ఎంత కొట్టానో అని.”

“నీకెలా తెలుస్తుంది.”

“తెచ్చి మీ కళ్ళెదురుగానే మేకు కొట్టించాను. మీ చేతే కొట్టించాను! స్కూటరు కొనమని పీక్కుతిన్నాను. సైన్యంలో లారీలు తోలిన మొగుడుండి మార్కెట్టుకి నడిచిపోతున్నా, నా రాత ఇంతే అని మీ చెల్లెలి ముందు, తోడికోడలి ముందు, ఎవరు దొరికితే వాళ్ళ ముందు అని అందర్నీ నవ్వించాను. మీరూ నవ్వారు కదండీ! ఎందుకు నవ్వారు?”

“అందరూ నవ్వుతున్నారు కదా.”

“తల్లీ, చూశావా నేనెలాంటిదాన్నో. కొడుక్కి ఏదో అయిపోతుందని ఆ తలుపు ముందే కాపలా కూర్చున్నా. ఇటు మనిషి ఇలా అయిపోతుంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.”

“అలా అనుకోకండమ్మా. మీరు ఫోను ఈయనకివ్వబట్టే ఈ మాట బయటికొచ్చింది.”

“ఇచ్చింది అబద్ధమాడమని.”

“అదే కలిసొచ్చింది అనుకోండి. బాబాయిగారూ, నేను ఇక్కడిదాకా వచ్చింది పోయిన మంగళవారం మీరన్న మాట గురించి. ఇందరి ముందు అడగనా, పక్కకి వెళ్దామా?”

“ఇక్కడే అడుగమ్మా. దాచేదేముంది ఇంక. ఒక్కోరోజు మళ్ళీ తెల్లారకపోతే బాగుండుననిపిస్తోంది అన్నాను. అదేగా?”

“అదే. ఇప్పుడు ఎలా ఉందండీ?”

“ఏమండీ!”

“అమ్మా, ఒక్క నిమిషం.”

“ఏం చేస్తాననో కాదమ్మా. ఏమీ చెయ్యను, నువ్వు భయపడకు, నువ్వూ భయపడకే. సిగ్గేసి అన్నాను. మీరు ఫోను చేసేది మావాడి కోసం. వాడు దెబ్బ తిని వచ్చాడు, వాడితో మాట్లాడటానికి గవర్నమెంటు ఒక మనిషిని పెట్టింది. ఆ మనిషిని ముసలాణ్ణి నేను వాడుకుంటున్నాను. మంగళవారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే చూస్తాను. కొడుకు కంచంలో అన్నం దొంగతనంగా తింటున్నట్టుంది. మానేద్దామనుకుంటా, ఫోను మోగగానే డాబా మెట్లు నేనే ముందెక్కుతా.”

“మీ వంతు మీకూ ఉంది బాబాయిగారూ. సైన్యంలో చేసినవాళ్ళు ఎంత పాతవాళ్ళైనా సరే. మాట్లాడేవాళ్ళు, డాక్టరు, నిద్రకి మందు, అన్నీ ఉన్నాయి. ఎవరూ వచ్చి మీకు చెప్పకపోవడం మా తప్పు. షీల్డు ఇచ్చిన ప్రతిసారీ ఈ మాట కూడా చెప్పి ఉండాల్సింది.”

“చెప్పినా వినేది నేనేగా స్టేజీ మీద. విని, ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు అనుండేదాన్ని.”

“వచ్చేవారం నుంచి ఫోను మీ పేరునే చేస్తాను. సరేనా?”

“నా పేరున వద్దమ్మా.”

“ఎందుకండీ?”

“నా పేరు చెప్తే నోరు పెగలదు. నేను పండుని మాట్లాడుతున్నా అంటే అన్నీ వచ్చేసేవి. నిద్రపట్టడం లేదు మేడమ్, భయమేస్తోంది మేడమ్ అని పాతికేళ్ళవాడు అంటే బాగుంటుంది. నా వయసులో అది నేనే అని చెప్పుకోవడం...”

“ఆయన పేరున మాత్రం ఇక చెయ్యలేనండీ. మీరని తెలిశాక కుదరదు. అబ్బాయి ఫోను అబ్బాయికే ఇవ్వాలి.”

“ఇవ్వమ్మా. వాడిది వాడికిచ్చెయ్యి. నాకేం, ఇన్నాళ్ళు గడిచాయి, ఇక ముందూ గడుస్తాయి.”

“గడవద్దండీ అలా! గడవద్దు! అన్నిటికీ వీడే కారణం. కాదు, నేనే. కాదు, వీడే. ఒరేయ్ పండూ!”

“...”

“నీ ఫోను నీకే కదరా తెచ్చిచ్చాను. ప్రతి మంగళవారం ముందు నీ చేతిలోనే పెట్టాను. నువ్వు వెనక్కి తోసేశాకే ఆయనకిచ్చాను. ఎందుకు తీసుకోలేదు?”

“...”

“నీకూ మీ నాన్నలాగే ఉందా? ఎవరైనా అద్దం మీద కొడుతున్నారా నీక్కూడా? చెప్పరా. ఏదైనా సరే వింటాను. పట్టుకుపోతారని దాచిపెట్టను, ఒట్టు. నువ్వెళ్ళాలంటే ఆ ఆసుపత్రికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా.”

“...”

“నా మీద కోపమా? నేను వాగుతూనే ఉంటానని విసుగా? అంతే అయ్యుంటుంది. విసిగిపోయి...”

“అమ్మా.”

“ఏంటి తల్లీ?”

“అడిగారుగా. ఇక ఆగండి. జవాబు మీరు చెప్పకండి.”

“...చెప్పను.”

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కింట్లో కుళాయి కింద బిందె నిండి పొంగడం వినిపించింది, ఎవరో వచ్చి కట్టేశారు. ఆవిడకి లక్ష మాటలు గొంతులోకొచ్చాయి, లక్షా మింగింది. కొడుకు కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తండ్రి వైపు చూశాడు, తల దించాడు. చాలాసేపటికి తల్లి వైపు తిరిగాడు.

“మొదటివారం నిజంగానే ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదమ్మా. రెండోవారం అనిపించింది, తీసుకుందామనే అనుకున్నాను. కానీ మొదటివారం డాబా మీద నాన్న ఏడవడం నా కిటికీలోంచి వినపడింది. ఫోను నేను తీసేసుకుంటే, నాన్న ఎవరితో మాట్లాడతాడు?”